అది తప్పా, మాయా?

మా అమలాపురం టీ కొట్ల దగ్గర పాత పౌరాణిక సినిమాల్లోని తప్పుల మీద వాదనలు లేస్తుంటాయి. తప్పు పట్టేముందు కథ చూడండి. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ ఉన్నట్టుండి మగరాయుడిలా నడిస్తే అది పొరపాటా? ఆ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు మరి! పాండవులు తెర మీదికి రాకపోవడమూ కావాలని చేసిందే.

అసలు తప్పు కావాలంటే, ఒకే సంభాషణలో షాట్ మారేచోట ఆపండి. ముఖం వదిలేసి దండ ఏ భుజం మీదుందో, తిలకం ఎంత పొడవుందో చూడండి. షాట్లు వరసగా తీయరు కాబట్టి తేడా వచ్చేది అక్కడే. కథలో మధ్యన ఓ రాత్రి గడిస్తే మాత్రం దండ లెక్కలోకి రాదు.

రెండు ఫ్రేములూ ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూపించండి. మా బాబాయి అప్పటికీ ఒప్పుకోడు: "రాక్షసుడు రా, దండ మార్చలేడేంటి?" అలాంటివాళ్లతో పందెం కాయకండి.