రివర్స్‌లో ఎడమ అద్దం తానే కిందికి వంగాలంటే

నల్లగొండ రామగిరిలో మా సందు వెడల్పు 12 అడుగులు. ఒక పక్క ఎదురింటి అరుగు, ఇంకో పక్క మోరీ. మోరీ మీద షాబాద్ బండలు పరిచారు గానీ, మా గేటుకు ఎడమవైపు మూరెడు మేర ఖాళీగానే ఉంది. కారును వెనక్కి తెస్తూ రెండుసార్లు ఎడమ వెనక చక్రాన్ని అందులోకి దింపాను. రెండోసారి జాకీ పెట్టి, చక్రం కింద రాళ్లు పేర్చి పైకి తీయడానికి నలుగురు రావలసి వచ్చింది. అప్పటినుంచి మా అత్తమ్మ గేటు దగ్గర నిలబడి "ఆగమ్మా, ఇంక జానెడే ఉంది" అని చెబుతూ వచ్చారు. 78 ఏళ్ల మనిషిని కదిలే కారు పక్కన నిలబెట్టడం నాకు ఏ మాత్రం ఇష్టం లేకపోయింది. అద్దం చేయవలసిన పనిని ఆమెతో ఎందుకు చేయించాలి? కారుతో వచ్చిన పుస్తకం తీసి కూర్చున్నాను.

మాది పాత స్కోడా ఆక్టేవియా, డ్రైవరు సీటుకు మెమరీ బటన్లున్న రకం. ఒక్కో మనిషి సీటు, అద్దాల స్థానాలను ఆ బటన్లు గుర్తుంచుకుంటాయి. రివర్స్ గేరు వేయగానే ఎడమ అద్దం నేలవైపు వంగే ఏర్పాటు అందులో మొదటినుంచీ ఉంది. రెండేళ్లు నడిపినా అది నా కంటపడలేదు. కారణం, డ్రైవరు తలుపు మీద అద్దాలు సరిచేసే గుండ్రటి నాబ్. దాన్ని ఎడమ అద్దం గుర్తువైపు తిప్పి ఉంచితేనే అద్దం వంగుతుంది. మధ్యలో ఉంటే కదలదు. టయోటాలో ఈ సౌకర్యం ఉన్న కార్లకు కూడా మీట ఎడమకో కుడికో ఉండాలి, మధ్యలో పెడితే పని చేయదు. కొన్ని కార్లలో దీన్ని డాష్‌బోర్డు తెర మీది సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. కాబట్టి మీ కారులో లేదని అనుకునే ముందు నాబ్ తిప్పి, రివర్స్ వేసి, ఒకసారి అద్దం వైపు చూడండి.

అద్దం ఎంత వంగాలో కారుకు మనమే నేర్పాలి. కారును చదునైన చోట, మోరీ అంచుకు సమాంతరంగా, జానెడు దూరంలో నిలపండి. హ్యాండ్‌బ్రేకు వేయండి, ఆటోమేటిక్ అయితే బ్రేకు మీద కాలు తీయకండి. ముందు సీటు సరిచేసుకోవాలి. తర్వాత మామూలు నడకకు అద్దం పెట్టుకోవాలి: లోపలి అంచున మీ కారు ఒళ్లు సన్నగా కనపడాలి, రోడ్డూ ఆకాశమూ కలిసే గీత మధ్యలో ఉండాలి. ఈ వరుస తప్పితే శ్రమంతా వృథా. సీటు కొంచెం ముందుకు జరిగినా అద్దంలో కనపడేది మారిపోతుంది.

ఇప్పుడు తాళంచెవి తిప్పి, ఈ సీటు, అద్దాల స్థానాలను మీ మెమరీ బటన్‌కు భద్రపరచి, అదే బటన్ నొక్కండి. మా ఇంట్లో 1 నాది, 2 మా ఆయనది. నాబ్‌ను ఎడమ అద్దానికి తిప్పి, రివర్స్ వేయండి. అద్దం కిందికి దిగుతుంది. అదే నాబ్‌తో దాన్ని మీకు కావలసినంత సరిచేయండి. వెనక చక్రం నేలను తాకే చోటు, దాని పక్కన మోరీ అంచు, రెండూ ఒకేసారి కనపడాలి. నేను మొదట అత్యాశకు పోయి మరీ కిందికి వంచాను. చక్రం తప్ప ఇంకేమీ కనపడలేదు. అద్దం పై అంచున వెనక తలుపు పిడి కనపడేంత వరకు మళ్లీ పైకి లేపాక కుదిరింది. తర్వాత రివర్స్ తీసేస్తే ఆ స్థానం ఆ బటన్‌కు నిలిచిపోతుంది. ఒకసారి మళ్లీ రివర్స్ వేసి సరిచూసుకోండి.

మా సందులోంచి క్లాక్ టవర్ వైపు రోడ్డెక్కేటప్పుడు నాకు భయం కలిగించిన విషయం ఒకటుంది. రివర్స్ తీసిన మరుక్షణమే అద్దం పైకి లేవదు. ఆక్టేవియాలో వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటాకో, నాబ్‌ను వేరే స్థానానికి తిప్పాకో లేస్తుంది. ఆ లోపల ఎడమ పక్కన దూసుకొచ్చే బైకు మనకు కనపడదు, నేల మాత్రమే కనపడుతుంది. అందుకే ముందుకు కదలకముందే నాబ్ మధ్యకు తిప్పేస్తాను. అద్దం లేచాకే కారును కదుపుతాను.

ఈ ఏర్పాటు లేకుండా అద్దాలకు మోటారు మాత్రమే ఉన్న కార్ల సంగతి. బయట అమర్చే మాడ్యూళ్లు దొరుకుతాయి. రివర్స్ లైటుకు వచ్చే 12 వోల్టుల కరెంటును పసిగట్టి, అద్దంలో కిందికీ పైకీ తిప్పే మోటారును అవి కొద్ది క్షణాలు నడుపుతాయి. వైర్లు కోయవలసి వస్తే వారంటీ ఉన్న కారుకు నేనైతే పెట్టించను. నాబ్‌ను చేత్తో కిందికి నొక్కుకోవడమే మేలు. మా మరిది కారుకు చేత్తో తిప్పే అద్దాలే ఉన్నాయి. దానికి చిన్న గుండ్రటి ఉబ్బెత్తు అద్దం అతికించాను, చక్రం బాగానే కనపడుతోంది.

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. అవి వెనక అడ్డున్న గోడను పట్టుకుంటాయి గానీ, పక్కనున్న గుంటను పట్టుకోవు. వంగిన అద్దం గుంటను చూపుతుంది గానీ, బంపరు వెనక ఆడుకునే పిల్లలను చూపదు. అందుకే ఎక్కే ముందు కారు చుట్టూ ఒకసారి నడుస్తాను. అత్తమ్మ ఇప్పుడు అరుగు మీదే కూర్చుంటున్నారు.