గేటు దగ్గరి చింతచెట్టు బరువు ఎక్కడిది? ఫస్టియర్ పిల్లలకు బయాలజీ ఎంత అర్థమైందో తెలుసుకునే పద్ధతి

డిగ్రీ ఫస్టియర్‌కి బాటనీ చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. కొన్నేళ్ల కిందట మిడ్ పరీక్షలో కాల్విన్ వలయం (మొక్క గాలిలోని కార్బన్‌తో చక్కెర తయారుచేసుకునే క్రమం) బొమ్మను ఒక్క బాణం తప్పు లేకుండా వేసిన అమ్మాయిని, పేపర్లు ఇచ్చేటప్పుడు ఊరికే అడిగాను: "గేటు దగ్గర చింతచెట్టు ఉంది కదమ్మా, అది ఒకప్పుడు గింజే. ఇంత కలప ఎక్కడి నుంచి వచ్చింది?"

"మట్టిలోంచే మేడమ్. వేళ్లు లాక్కుంటాయి కదా."

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వచ్చి కలవడంతోనే ఆ బొమ్మ మొదలవుతుంది. ఆ కార్బనే కలపగా మారుతుంది. బొమ్మకీ చెట్టుకీ ఉన్న ఈ సంబంధం ఆ అమ్మాయికి ఎవరూ చూపించలేదు, నాతో సహా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వేసిన మార్కులు జ్ఞాపకశక్తికే పడ్డాయని తెలిసింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. క్లాసులో అరవై మంది ఉన్నా, ల్యాబులో నాలుగే మైక్రోస్కోపులున్నా చేయగలిగిన పనులే ఇవి.

యూనిట్ మొదలుపెట్టే ముందే ఒక ప్రశ్న అడగండి. కిరణజన్య సంయోగక్రియకు నేను పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం వాడతాను. 200 పౌన్ల ఎండిన మట్టి నింపిన తొట్టిలో ఆయన 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చివరికి చెట్టు 169 పౌన్లు దాటింది. మట్టిలో తగ్గింది సుమారు 2 ఔన్సులు. ఈ అంకెలు బోర్డు మీద రాసి, "పెరిగిన బరువు ఎక్కడిది?" అని అడుగుతాను. చీటీ మీద జవాబు ఒక ముక్కలో, కారణం రెండు వాక్యాల్లో రాయాలి. మార్కులు ఉండవని ముందే చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. లేకపోతే రెండోసారి పక్కవాళ్ల చీటీ చూసి రాస్తారు. చాలామంది మట్టి అంటారు, కొందరు నీళ్లు అంటారు. ఆయన కూడా నీళ్లే అనుకున్నాడు. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో అదే ఉంది. ఈ సంగతి చెప్తే నీళ్లు అని రాసిన పిల్లలకు ధైర్యం వస్తుంది.

కారణాన్ని తెలుగులో రాయనివ్వండి. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో రాయమంటే గైడులోని వాక్యం అప్పచెప్తారు. అప్పుడు మనం కొలిచేది ఇంగ్లీషునే. సాంకేతిక పదం ఇంగ్లీషులో ఉన్నా, కారణం వాళ్ల మాటల్లో ఉండాలి.

చీటీలు దిద్దకండి, మూడు కట్టలుగా వేరు చేయండి. జవాబూ కారణమూ రెండూ సరైనవి ఒక కట్ట. జవాబు సరైనదై కారణం తప్పయినవి ఇంకో కట్ట. మిగిలినవి మూడో కట్ట. అరవై చీటీలకు ఇరవై నిమిషాలు చాలు. రెండో కట్టను జాగ్రత్తగా చదవండి. "గాలి నుంచి" అని రాసి, కారణంగా "ఆక్సిజన్ పీల్చి పెరుగుతుంది" అని రాసినవాళ్లు అందులోనే ఉంటారు. మామూలు పరీక్షలో వీళ్లకు మార్కు పడిపోతుంది. మర్నాటి క్లాసును ఈ కట్టను బట్టే మొదలుపెడతాను.

మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకు తప్పు ఆప్షన్లు కూడా ఈ చీటీల నుంచే తీసుకోండి. మనం కూర్చుని ఊహించిన తప్పులు పిల్లలు చేయరు, వాళ్ల తప్పులు మనకు తట్టవు. ప్రతి ప్రశ్న కింద "ఎందుకు?" అని ఇంకో ప్రశ్న పెట్టి, దానికీ నాలుగు ఆప్షన్లు ఇవ్వండి. రెండూ సరిగ్గా పెడితేనే మార్కు.

పరీక్ష అయ్యాక ప్రశ్నల్ని కూడా పరీక్షించాలి. మొత్తం మార్కుల్లో పైనున్న ఇరవై మందిలో, కిందున్న ఇరవై మందిలో ఒక్కో ప్రశ్నకు ఎంతమంది సరిగ్గా రాశారో లెక్కపెట్టండి. పైవాళ్లూ కిందివాళ్లూ ఒకేలా తప్పు చేస్తే ముందు ప్రశ్నను అనుమానించండి. "మొక్కలు ఆక్సిజన్ ఎప్పుడు తీసుకుంటాయి?" అని నేను ఒకసారి అడిగితే బాగా చదివేవాళ్లే "రాత్రి" అని పెట్టారు. పిలిచి అడిగితే, పగలు ఆకు నుంచి ఆక్సిజన్ బయటికే వస్తుంది కదా అన్నారు. వాళ్ల ఆలోచనలో న్యాయం ఉంది. ఇప్పుడు "మధ్యాహ్నం పన్నెండుకి వేరు కణాలకు ఆక్సిజన్ అవసరమా? ఎందుకు?" అని అడుగుతున్నాను. మొక్కలు పగలు శ్వాసించవు అనుకునేవాళ్లు ఈ ప్రశ్నకు దొరికిపోతారు.

ప్రాక్టికల్స్‌లో రికార్డు చూసి మార్కులు వేస్తే ఏమీ తెలియదు, సీనియర్ల రికార్డు తిరిగి దిగుతుంది. కణం రెండుగా విడిపోవడం (సమవిభజన) చూడటానికి ఉల్లి వేరు కొనల స్లయిడు చేయించిన రోజు నేను ఒక్కొక్కరి పక్కన రెండు నిమిషాలు నిలబడతాను. "నీ స్లయిడులో మెటాఫేజ్ కణం చూపించు" అంటాను, అంటే క్రోమోజోములు కణం మధ్యలో వరసగా నిలిచిన దశ. తర్వాత, "ఎక్కువ కణాలు ఏ దశలో ఉన్నాయి? దాని నుంచి నీకేం తెలుస్తోంది?" ఇంటర్‌ఫేజ్ (ఇంకా విభజనలోకి దిగని దశ) కణాలు ఎక్కువ కనిపిస్తున్నాయంటే కణం ఆ దశలో ఎక్కువసేపు ఉంటుందని చెప్పగలిగిన పిల్లకు సమవిభజన అర్థమైనట్టే. బొమ్మ ఎంత చక్కగా వేసినా ఈ మాట రాకపోతే నేను పూర్తి మార్కులు వేయను. ఎవరి స్లయిడు వాళ్లదే కాబట్టి కాపీకి వీలుండదు. మెటాఫేజ్ దొరకని పిల్లలను తిట్టకండి. తప్పు చాలాసార్లు వేరు కోసిన సమయంలోనో, సరిగ్గా నొక్కకపోవడంలోనో ఉంటుంది. దాన్ని వాళ్లే కనిపెట్టి చెప్తే దానికీ మార్కులు ఇవ్వండి.

ఇంటర్నల్ మార్కులు ఎలాగూ వేయాలి కాబట్టి ప్రతి మిడ్‌లో పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి పెట్టండి, ఐదు మార్కులు చాలు. ద్రవాభిసరణానికి, అంటే పొర గుండా నీరు గాఢత ఎక్కువున్న ద్రావణం వైపు వెళ్లడానికి, నేను మాగాయ అడుగుతాను. ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఉంచితే మామిడి ముక్కల్లోంచి అంత ఊట ఎందుకు వస్తుంది? ప్రశ్న ఇచ్చే ముందే మార్కులు పంచుకుని రాసుకోండి: నీరు ఎటు నుంచి ఎటు వెళ్లిందో చెప్తే రెండు, పొర పాత్ర చెప్తే రెండు, ముక్క ముడుచుకోవడాన్ని దానికి ముడిపెడితే ఒకటి. "ఉప్పు నీళ్లను లాగింది" అని ఆపేస్తే దిశ వరకే మార్కులు. ముందే రాసుకోకపోతే పదో పేపర్‌కీ నలభయ్యో పేపర్‌కీ మన చేయి మారిపోతుంది.

సెమిస్టర్ మొదట్లో ఇచ్చిన పది ప్రశ్నలనే చివర్లో మళ్లీ ఇచ్చి, పెరిగిన శాతాన్ని పెరగడానికి వీలున్న శాతంతో భాగించండి. క్లాసు సగటు 30 నుంచి 65కి వచ్చిందనుకుందాం. పెరిగింది 35, వీలున్నది 70, అంటే సగం. మొదట్లోనే 80 ఉన్న సెక్షన్‌నీ 30 ఉన్న సెక్షన్‌నీ ఇలా అయితేనే న్యాయంగా పోల్చగలం. ప్రశ్నాపత్రాలు మాత్రం వెనక్కి తీసుకోండి, లేకపోతే ఆ రాత్రికే వాట్సాప్‌లో తిరుగుతాయి.

మొదటి రోజు చీటీలు పారేయకండి, కవర్‌లో పెట్టి ఉంచండి. చివరి క్లాసులో ఎవరి చీటీ వాళ్లకు తిరిగిచ్చి, ఎర్ర పెన్నుతో వాళ్లనే దిద్దుకోమంటాను. నాకు మొదట "మట్టిలోంచే" అని చెప్పిన అమ్మాయి ఇప్పుడు ఒక హైస్కూల్లో టీచరు. పోయిన నెల ఫోన్ చేసి వాన్ హెల్మాంట్ అంకెలు మళ్లీ అడిగి రాసుకుంది.