మిద్దె మీద బార్బెక్యూ పెడుతున్నారా? ముందు బొగ్గుల సంగతి చూడండి

డిసెంబరు వస్తే చాలు, మిద్దెల మీద గ్రిల్లులు వెలుస్తాయి. చికెన్‌కి ముందురోజే మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెడతాం గానీ, బొగ్గులు మాత్రం ఆ సాయంత్రం ఎక్కడ దొరికితే అక్కడ కొనేస్తాం. దయచేసి ఈసారి అలా చేయకండి. ముక్క కాలేది ఆ నిప్పుల మీదే, పిల్లలు పీల్చేది ఆ గాలినే.

మన దగ్గర బస్తాల్లో అమ్మేది ఎక్కువగా సర్కారు తుమ్మ బొగ్గు. సరిగ్గా కాల్చిందైతే ఇంటి గ్రిల్లుకి అది చాలు. సంచి విప్పించి ఒక ముక్క చేతిలోకి తీసుకోండి. సైజుకి తగ్గ బరువు కాకుండా తేలిగ్గా ఉండాలి. రెండు ముక్కల్ని తాకిస్తే ఖంగుమనాలి. మొద్దుగా చప్పుడైతే తడిసిందో, పచ్చిగా ఉందో అన్నట్టే. విరిచి చూస్తే లోపల నల్లగా నిగనిగలాడాలి. గోధుమరంగు చార కనిపించిందా, అది ఇంకా కట్టే. అంటుకోగానే కళ్లు మండేలా పొగ చిమ్ముతుంది, కబాబ్‌కి చేదు పట్టిస్తుంది. తడి బొగ్గయితే ఫటఫటా పేలి నిప్పురవ్వలు ఎగరేస్తుంది. మీ వీధిలో బొగ్గుల ఇస్త్రీ పెట్టె వాడేవాళ్లుంటే ఎక్కడ కొంటున్నారో అడగండి. ఒక్క రవ్వ పడితే పట్టుచీర పాడవుతుంది కాబట్టి వాళ్లకి బొగ్గు మంచిచెడ్డలు బాగా తెలుసు.

కొబ్బరి చిప్పల బొగ్గు దొరికితే ఇంకా మంచిది. వేడి గట్టిగా, చాలాసేపు ఉంటుంది. అచ్చుపోసిన బిళ్లలు కొనేటప్పుడు అట్ట మీద చదవండి. అగ్గిపుల్ల గీస్తే చాలు అంటుకుంటాయి అనేవాటికి ముందే ఇంధనం పట్టించి ఉంటారు. బిర్యానీలో గిన్నె పెట్టి, నిప్పు మీద నెయ్యి వేసి పొగ పట్టించడానికి అవి అసలు పనికిరావు. దానికి మామూలు కట్టెబొగ్గు ముక్కే, అదీ నిలువెల్లా ఎర్రబడ్డాకే. రాక్షసి బొగ్గు, రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు వంట కింద పెట్టనే వద్దు. పొగ రుచి కోసం ఎండిన జామ కొమ్మలు వేసుకోవచ్చు. గన్నేరు మాత్రం విషం, దాని పుల్లతో ముక్కలు గుచ్చడం కూడా ప్రమాదమే.

అంటించడానికి కొబ్బరి పీచు, కాగితం చాలు. పెట్రోలు, శానిటైజర్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఆరిపోతోందని మండుతున్న బొగ్గు మీద పోస్తే మంట సీసాలోకే వస్తుంది. బొగ్గుల మీద బూడిద పొర కమ్మేదాకా, అంటే ఇరవై నిమిషాలో అరగంటో ఆగి అప్పుడు ముక్కలు పెట్టండి.

ఇక అన్నిటికన్నా నాకు భయం కలిగించేది వేరే ఉంది. మంచి బొగ్గుకి పొగ రాదు. పొగ లేదు కదా అని చలికి గ్రిల్లుని గదిలోకి, బాల్కనీ తలుపు లోపలికి తెచ్చుకుంటారు. లంబసింగి, అరకు వెళ్లినప్పుడు మిగిలిన నిప్పుల్ని టెంటులో పెట్టుకుని పడుకోవాలనిపిస్తుంది. ఎంత మేలురకం బొగ్గయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లు గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి రావాలి, 108కి ఫోన్ చేయాలి. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ అవకాశమే ఉండదు. ఉత్తరాదిలో అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేకుండా పోయిన వార్తలు ఏటా చలికాలంలో చదువుతూనే ఉన్నాం. కిటికీ కాస్త తెరిస్తే సరిపోతుందనుకోవద్దు. బొగ్గు ఆరుబయటే ఉండాలి.

తిన్నాక బూడిదని ప్లాస్టిక్ బకెట్‌లో, చెత్త సంచిలో వేయకండి. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు మర్నాటిదాకా ఉంటుంది. ఇనప బకెట్‌లోకి తీసి, దూరంగా నిలబడి కొంచెం కొంచెంగా నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి.