తోలు మీద వెంట్రుకలు ఊడుతున్నాయా? ఫ్రీజర్‌లో పెట్టిన మడత కూడా చూడండి

సమస్య: ఉప్పు పట్టించి పికిల్‌లో (ఉప్పు, యాసిడ్ కలిపిన నీళ్లలో) వేసిన తోలు రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు తీసి కడుగుతుంటే మెడ దగ్గర వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా చేతికి వస్తున్నాయి. ట్యాక్సిడెర్మీ (చచ్చిన జంతువు తోలుని బతికున్నట్టు బొమ్మగా నిలబెట్టే పని) చేసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు. అప్పుడు అందరి నోటా వచ్చే మాట కూడా ఒకటే: "యాసిడ్ ఎక్కువైనట్టుంది." చాలాసార్లు యాసిడ్ తప్పేమీ ఉండదు. ఎప్పుడో జరిగిపోయిన నష్టం ఇప్పుడు బయటపడింది, అంతే.

మొదట చేయాల్సిన పని

దీనికి ఒక్క నిమిషం చాలు. అయినా ఎవరూ చేయరు, నేరుగా ఫొటో తీసి "ఏమైంది అన్నా?" అని పంపుతారు. ఊడిన వెంట్రుకలు నాలుగు తెల్ల కాగితం మీద పరిచి మొదళ్లు చూడండి.

మొదళ్లకి చుండ్రు పొట్టులాంటి పల్చటి పొర అంటుకుని వస్తే అది కుళ్లే. బ్యాక్టీరియా చర్మం పై పొరని కింది తోలు నుంచి విడగొట్టింది, ఆ పొరతోపాటు వెంట్రుక కూడా జారిపోతోంది. మొదలు శుభ్రంగా, పొర లేకుండా ఉంటే జంతువు బొచ్చు రాల్చే కాలంలో ఉండి ఉండొచ్చు. వెంట్రుక మొదలే లేకుండా కొరికినట్టు తెగి, కింద పొడి రాలుతుంటే పురుగు పట్టింది. అది ఆరిపోయిన మౌంట్లకి (తయారైన బొమ్మలకి) వచ్చే బాధ, దాని మందు వేరు.

ఎక్కడ ఊడింది?

కుళ్లే అని తేలితే, చోటుని బట్టి కారణం దొరుకుతుంది. పొట్ట మీద, తొడల సందుల్లో ఊడితే ఒలవడం ఆలస్యమైంది. చెవుల దగ్గరైతే చెవిని మృదులాస్థి నుంచి విడదీసి తిరగేయలేదు, ఉప్పు లోపలికి అందలేదు. పెదవులు, కనురెప్పలు, ముక్కు దగ్గరైతే చర్మాన్ని లోపలి నుంచి చీల్చి పల్చన చేయలేదు. అక్కడక్కడా మచ్చలుగా ఊడితే ఆ చోట్ల కొవ్వు, మాంసం మిగిలిపోయాయి. కొవ్వు మీద చల్లిన ఉప్పు కొవ్వు దగ్గరే ఆగిపోతుంది. ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి సాగదీయను.

పీహెచ్ కాగితం మాత్రం తీసి చూడండి (పీహెచ్ అంటే యాసిడ్ కొలత, అంకె తగ్గే కొద్దీ యాసిడ్ ఎక్కువ). పికిల్ 1.5 నుంచి 2.5 మధ్య ఉండాలి, లీటరుకి సుమారు 120 గ్రాముల ఉప్పు ఉండాలి. తోలు యాసిడ్‌ని పీల్చుకునే కొద్దీ పీహెచ్ పైకి పోతుంది. మొదటి రోజు చూసి వదిలేస్తే చూడనట్టే లెక్క.

నన్ను ముంచిన కారణం

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా మెడ మీదో, వీపు నడుమో అరచేయంత మేర ఊడితే ఫ్రీజర్‌ని అనుమానించండి.

ఒకసారి పొట్టేలు మెడతోలు ఒకటి వెంటనే ఒలిచాను, కొవ్వు గీకాను, అంతా పద్ధతి ప్రకారమే. పని ఒత్తిడిలో దాన్ని బొచ్చు బయటికి వచ్చేలా గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పడేశాను. పొద్దున చూస్తే రాయిలా ఉంది. నెల తర్వాత కరిగించి, ఉప్పు పట్టించి, పికిల్‌లో వేశాను. మూడో రోజు కడుగుతుంటే మెడ మీద రెండు చోట్ల ఉన్ని తడి కాగితంలా జారిపోయింది. యాసిడ్‌ని తిట్టుకున్నాను, ఉప్పుని తిట్టుకున్నాను. చివరికి ఏమీ తోచక తోలుని ఫ్రీజర్‌లో ఉన్నట్టే మళ్లీ చుట్టి చూశాను. రెండు బట్టతలలూ చుట్ట నడిమధ్యన సరిగ్గా ఎదురెదురుగా వచ్చి కూర్చున్నాయి.

జరిగింది ఇదీ. పైన గడ్డకట్టింది కానీ లోపల ఒంటి వేడి అలాగే ఉండిపోయింది. ఉన్ని ఆ వేడిని కంబళిలా కాపాడింది. నడుమ భాగం చల్లబడేలోపు బ్యాక్టీరియా తన పని కానిచ్చేసింది. కరిగించేటప్పుడు ఇదే తిరగబడుతుంది: చుట్టని బల్ల మీద వదిలేస్తే నడుమ ఇంకా మంచుగా ఉండగానే బయటి అంచులు వెచ్చబడి కుళ్లడం మొదలుపెడతాయి. కాబట్టి నడుమ ఊడితే గడ్డకట్టించేటప్పుడు, అంచుల్లో ఊడితే కరిగించేటప్పుడు తప్పు జరిగినట్టు.

ఇప్పుడు నేను చేసేది: ఒలిచిన తోలుని ముందు విప్పి పరిచి, ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లారనిస్తాను. చేత్తో పట్టుకుంటే ఎక్కడా వెచ్చగా తగలకూడదు. ఆ తర్వాతే వదులుగా, రెండు మూడు వేళ్ల మందం మించకుండా బల్లపరుపుగా మడిచి, గాలి తీసేసిన సంచిలో పెడతాను. గడ్డకట్టేదాకా దాని మీద ఇంకోటి పెట్టను. గాలి తగిలి ఎండిన అంచులు తర్వాత నీళ్లు సరిగా పీల్చవు కాబట్టి సంచి మూతి గట్టిగా బిగించాలి. కరిగించడం కూడా ఫ్రిజ్‌లోనే. మడత వదులైనప్పుడల్లా కొంచెం కొంచెం విప్పుతుంటాను. విసుగు పనే.

మీకు తోలు వేరేవాళ్లు తెచ్చిస్తే ఎలా మడిచారో, ఎప్పుడు ఫ్రీజర్‌లో పెట్టారో అడిగి రాసుకోండి. "వెంటనే పెట్టాం" అనే మాటని నమ్మి ఊరుకోకండి. వెంటనే పెట్టిన వేడి చుట్టే నా కొంప ముంచింది.

అరుదైనవి

గజ్జి పట్టిన చర్మం, యాసిడ్ ఒకేచోట పోయడం వల్ల కాలిన మచ్చ. ఉంటాయి, కానీ పైవన్నీ చూశాక వీటి జోలికి వెళ్లండి.

ఇప్పటికే ఊడితే?

విడిపోయిన పై పొరని తిరిగి అతికించే మందు లేదు. చాలామంది కంగారులో తోలుని తీసి వంటసోడా కలిపిన నీళ్లలో ముంచేస్తారు. అది చేయకండి. యాసిడ్ తగ్గిందంటే బ్యాక్టీరియాకి మీరే తలుపు తీసినట్టు. పీహెచ్‌ని 2 కిందికి దించి, ఉప్పు సరిచూసి, ఆ చోట రుద్దకుండా, బ్రష్ పెట్టకుండా తోలుని పికిల్‌లోనే కదపకుండా ఉంచండి. మిగతాది నిలబడితే ట్యానింగ్ (తోలుని కుళ్లకుండా పదును చేయడం) అయ్యాక ఊడిన ముక్క కత్తిరించి కుట్టేయొచ్చు. పెద్దదైతే అతుకు వేయాలి. ఒలిచినప్పుడు మిగిలిన తోలు ముక్కల్ని పారేయకుండా అదే పికిల్‌లో వేసి ఉంచడం అందుకే. రంగు, బొచ్చు పొడవు, బొచ్చు వాలు మూడూ కలిసే ముక్క ఇంకో తోలు మీద దొరకదు.