జర్మన్ ఇనుప శిలువ పతకాల్లో అరుదైన రకాలను సేకరించడం ఎలా?

1813 మార్చి 10న, అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజు మూడవ ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ బ్రెస్లౌ నగరంలో ఒక కొత్త పతకాన్ని ప్రకటించాడు. నెపోలియన్‌పై యుద్ధానికి దేశం సిద్ధమవుతున్న రోజులవి. ఆ కష్టకాలానికి గుర్తుగా పతకాన్ని ఇనుముతో చేయించారు. దాని తుది రూపం వాస్తుశిల్పి కార్ల్ ఫ్రెడ్రిక్ షింకెల్ చేతి పని. అంతకు ముందు సైనిక గౌరవాలు చాలావరకు హోదాను బట్టి దక్కేవి. ఇనుప శిలువకు మాత్రం మామూలు సిపాయి కూడా అర్హుడే. 1870లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడు, 1914లో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఇదే పతకాన్ని మళ్లీ ప్రవేశపెట్టారు.

పాత జర్మన్ పతకాల్లో అరుదైన రకాలను వెతకాలనుకునేవారికి నా సలహా 1914 నాటి రెండో తరగతి ఇనుప శిలువతో, అంటే రిబ్బనుకు వేలాడదీసే రకంతో మొదలుపెట్టమని. యుద్ధం ముగిసేలోపు వీటిని దాదాపు 50 లక్షల మందికి ఇచ్చారు. అంత పనిని ఎన్నో కర్మాగారాలు పంచుకున్నాయి. ఒక్కొక్కరి అచ్చులో కిరీటం ఒక్కో తీరుగా, 1914లోని అంకెలు ఒక్కో మందంతో కనిపిస్తాయి. మామూలు పతకం ఇప్పటికీ సులభంగానే దొరుకుతుంది కాబట్టి నేర్చుకునే దశలో చేసే తప్పులకు భారీ మూల్యం చెల్లించనక్కర్లేదు.

1. ముందు మామూలువి కొనండి

అరుదైనది కనిపించగానే చేయి చాచకండి. కనీసం నాలుగైదు సాధారణ పతకాలను తెచ్చుకుని, రోజూ చేతిలోకి తీసుకుని చూడండి. ముందువైపు మధ్యలో డబ్ల్యూ అక్షరం, పై భుజంలో కిరీటం, కింది భుజంలో 1914 ఉంటాయి. వెనుక మధ్యలో మూడు ఓక్ ఆకులు, పైన కిరీటం కింద ఎఫ్ డబ్ల్యూ అక్షరాలు, అడుగున 1813. వెడల్పు దాదాపు 42 మిల్లీమీటర్లు.

నిర్మాణాన్ని అర్థం చేసుకోవడం అంతకన్నా ముఖ్యం. ఇది ఒకే ముక్క కాదు. నల్ల రంగు వేసిన ఇనుప పలకను మధ్యలో పెట్టి, రెండు వైపుల నుంచీ వెండి చట్రాలతో బిగించి, అంచున టంకం పెట్టి అతికిస్తారు. పతకాన్ని పక్కకు తిప్పి అంచు చూస్తే ఆ అతుకు గీత సన్నగా కనబడాలి. చక్కగా రుద్ది నునుపు చేసిన వాటిలో భూతద్దం లేకుండా దొరకదు. ఈ గీతను కళ్లు మూసుకున్నా గుర్తుపట్టేంతగా అలవాటు చేసుకోండి. తర్వాత చేసే పనంతా దీని మీదే ఆధారపడుతుంది.

2. నాలుగు పనిముట్లు

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న అయస్కాంతం, వెర్నియర్ కాలిపర్స్, గ్రాములో వందో వంతు వరకు చూపే తూకం. ఇవి చాలు. వెండి అవునో కాదో చూద్దామని కంసాలి దగ్గర గీటురాయి మీద మాత్రం గీయించకండి. ఆ గీత జన్మలో పోదు.

3. ఊడదీయగల భాగాన్ని నమ్మకండి

పదేళ్లలో నేను నేర్చుకున్న అతి ముఖ్యమైన విషయం ఇది. ఒక పతకాన్ని అరుదైనదని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ అరుదుదనం దాని ఏ భాగంలో ఉందో అడగండి. ఆ భాగం ఊడి వచ్చేదైతే ఒక్క క్షణం ఆగండి.

రిబ్బను దూర్చే పై రింగునే తీసుకుందాం. చాలా రింగుల మీద తయారీదారు ముద్ర సూక్ష్మంగా ఉంటుంది. కె ఓ అంటే బెర్లిన్ రాజ టంకశాల అని, ఎస్ డబ్ల్యూ అంటే సీ అండ్ వాగ్నర్ సంస్థ అని, సి డి 800 అంటే ఫోర్ట్స్‌హైమ్‌కు చెందిన కార్ల్ డిల్లెనియస్ అని సేకర్తలు చదువుతారు. 800 అనేది నూటికి ఎనభై పాళ్లు వెండి ఉందనే గుర్తు. అరుదైన ముద్ర ఉంటే ధర బాగా పెరుగుతుంది. కానీ రింగును రెండు నిమిషాల్లో మార్చవచ్చు. అందుకే ముద్రతో ఆగకుండా, ఆ తయారీదారు అచ్చులోని కిరీటం, అంకెల తీరు కూడా పతకంలో కలుస్తున్నాయో లేదో సరిపోల్చండి. రెండూ కలిస్తేనే అది ఆ రకం.

రిబ్బను సంగతీ అంతే. యుద్ధరంగంలో పోరాడినవారికి నల్ల రిబ్బనుకు తెల్ల అంచులు, పోరాటంలో లేకుండా సేవ చేసినవారికి తెల్ల రిబ్బనుకు నల్ల అంచులు. రెండో రకం చాలా తక్కువమందికి దక్కింది. పతకం మాత్రం రెండింటికీ ఒకటే. తెల్ల రిబ్బను కట్టినంత మాత్రాన మామూలు పతకం అరుదైనది కాదు.

1870 నాటి శిలువ పొందినవారికి 1895లో, పాతికేళ్ల జ్ఞాపకంగా, 25 అంకె ఉన్న ఓక్ ఆకుల గుర్తును రిబ్బను మీద పెట్టుకునేందుకు ఇచ్చారు. 1870-71 యుద్ధ స్మారక పతకానికి కూడా సెడాన్ వంటి పోరాటాల పేర్లున్న పట్టీలను అదే ఏడాది చేర్చారు. ఇవన్నీ విడిగా దొరుకుతాయి, విడిగా తయారు చేయడమూ కష్టం కాదు. అదే స్మారక పతకం అంచు మీద, స్వాధీనం చేసుకున్న ఫిరంగుల నుంచి చేసినదని చెప్పే జర్మన్ అక్షరాలు లోహంలోనే ఉంటాయి. అది కంచు రకం. పోరాటంలో లేనివారికి ఇచ్చినది ఉక్కు రకం. ఇలా లోహంలోనే ఉన్న తేడాల మీద డబ్బు పెట్టండి.

4. అయస్కాంతానికి అంటనివాటితో జాగ్రత్త

ఇక్కడ ఎక్కువమంది మోసపోతారు. నేనూ మోసపోయాను.

ఇనుప శిలువల్లో కొన్నింటి మధ్య పలక ఇనుముది కాదు. తుప్పు పట్టకూడదని కొందరు సొంత డబ్బుతో ఇత్తడి వంటి లోహంతో చేయించుకున్నారు. వీటికి గిరాకీ ఎక్కువ. చిక్కేమిటంటే, ఇవాళ పోత పోసి అమ్మే చవక నకిలీలు కూడా అయస్కాంతానికి అంటవు. నా తొలి రోజుల్లో ఒక విక్రేత పంపిన ఫోటోలో పతకం అయస్కాంతం కింద కదలకుండా పడి ఉంది. అరుదైన రకమని నమ్మి, మామూలు దానికి నాలుగింతలు చెల్లించాను. చేతికి వచ్చాక అంచు చూస్తే అతుకు గీతే లేదు, ఆకురాయితో గీసిన వంకర గాటు ఉంది. మొత్తం ఒకే ముక్కగా పోత పోసి నల్ల రంగు వేశారు.

అసలైన ఇనుము కాని రకంలోనూ మూడు ముక్కల నిర్మాణం అలాగే ఉంటుంది. పలక, చట్రం కలిసే చోట సన్నని సందు కనిపిస్తుంది. చట్రం లోపలి పూసల వరుస పదునుగా, ఒక్కో పూస విడివిడిగా ఉంటుంది. పోతలో పూసలు ఒకదానిలో ఒకటి కరిగినట్టు మెత్తబడతాయి, సందుల్లో సూదిమొన అంత గుంతలు కనిపిస్తాయి. పైగా లోహం చల్లబడుతూ కుంచించుకుంటుంది కాబట్టి కొలత అర మిల్లీమీటరో, ఇంకొంచెమో తగ్గుతుంది. మామూలు పతకాలను ముందే కొలిచి రాసుకున్నవారికి ఆ తేడా వెంటనే పట్టుబడుతుంది.

మొదటి తరగతి శిలువలో వెతకవలసినవి వేరు. ప్రభుత్వం ఇచ్చినవి ఎక్కువగా చదునుగా ఉండి, వెనుక సూదితో గుచ్చుకునేవి. ఛాతీ మీద ఒదిగేలా ఉబ్బెత్తుగా చేసినవి, వెనుక మరతో బిగించేవి నగల దుకాణాల్లో సొంతంగా కొనుక్కున్నవి. మర చుట్టూ ఉన్న టంకం, దాని పక్కనున్న వెండి ఒకే వయసుతో నల్లబడ్డాయేమో చూడండి. టంకం కొత్తగా మెరుస్తుంటే సూది తీసేసి మర అతికించారని అనుమానించాలి.

5. కథకు విలువ కట్టే ముందు

1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి ఆ కబురు మన ఊళ్లనూ వణికించింది. ఎమ్డెన్ నావికుడి పతకమంటూ ఎవరైనా చూపిస్తే మనసు లాగడం సహజం. అయితే ఇనుప శిలువ మీద గ్రహీత పేరు చెక్కి ఇచ్చే ఆనవాయితీ లేదు. కాగితం లేని కథకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనవసరం లేదు.

కాగితమంటే పతకంతో ఇచ్చిన ధ్రువపత్రం, సైనికుడి సేవా పుస్తకం. వీటిలో పేరు, దళం, తేదీ ఉంటాయి. అవి కూడా ఆ మనిషికి శిలువ దక్కిందని చెబుతాయే తప్ప, మీ చేతిలోని శిలువే అతనిదని చెప్పవు. కుటుంబం నుంచి అన్నీ కలిసి వచ్చాయా, తర్వాత ఎవరైనా జత చేశారా అని అడిగి తెలుసుకోండి. పరిశోధన ఇష్టమైతే జర్మనీలోని మరో రాజ్యమైన బవేరియా దళాలవి ఎంచుకోండి. ప్రష్యా సైన్యపు పత్రాల్లో అధిక భాగం 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన వైమానిక దాడిలో కాలిపోయాయి. బవేరియా సైన్యపు పత్రాలు మ్యూనిక్‌లోని యుద్ధ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి.

6. కొనేటప్పుడు

ముందు, వెనుక ఫోటోలతో పాటు నాలుగు వైపుల అంచులు, రింగు అతికిన చోటు స్పష్టంగా కనిపించే ఫోటోలు అడగండి. ఇవ్వడానికి సందేహించేవారి దగ్గర కొనకండి. విదేశం నుంచి తెప్పిస్తే దిగుమతి సుంకాన్ని ధరలో కలిపి లెక్కించుకోండి. వందేళ్లు దాటిన వస్తువులను మన దేశం నుంచి బయటకు పంపడంపై 1972 నాటి పురావస్తు చట్టం ఆంక్షలు పెట్టింది. నచ్చకపోతే వెనక్కి పంపుదామనే ధీమాతో కొనవద్దు.

నేను 1918 దగ్గర ఆగిపోయాను. 1939 నాటి శిలువ మీద నాజీ చిహ్నం ఉంటుంది. దాని కింద జరిగిన హత్యాకాండ తెలిసినవాడిగా నా ఇంట్లో దానికి చోటివ్వలేను. ఆ చిహ్నాన్ని బహిరంగంగా ప్రదర్శించడం జర్మనీలో నేరం కూడా. 1957లో వచ్చిన చట్టం ప్రకారం ఆ చిహ్నం స్థానంలో ఓక్ ఆకులు వేసి మళ్లీ చేసినవి ఉన్నాయి. అవి వేరే సేకరణ.

7. భద్రపరచడం

తోమవద్దు. వెండి మీది నలుపు, పలక మీది పాత రంగు పోతే పతకం సగం చచ్చినట్టే. విశాఖ, కాకినాడ వంటి తీర నగరాల్లో ఉప్పు గాలికి ఇనుప పలక రంగు కింద నుంచే తుప్పు పట్టి పొంగుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ప్రతి పతకాన్నీ ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిగురు విడిచి వెండిని పాడుచేస్తాయి. నూలు చేతి తొడుగులు వాడండి. పాత రిబ్బను చిరిగినా మార్చకండి.

కవరు మీద కొలత, బరువు, రింగు ముద్ర, అయస్కాంతానికి అంటిందో లేదో, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారో పెన్సిలుతో రాయండి. నా నకిలీకి కూడా అలాంటి కవరు ఒకటి ఉంది. కొత్త పతకం వచ్చిన ప్రతిసారీ ముందు దాన్ని బయటకు తీసి, రెండింటి అంచులను పక్కపక్కన పెట్టి చూస్తాను.