బాల్కనీకి పావురాల వల ఎలా కట్టాలి? ముందు గూడు సంగతి తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ ముందు నిలబడి తలెత్తినా, పావురాలు రాకుండా బాల్కనీలకు కట్టిన వలలు కనిపిస్తాయి. చాలాచోట్ల వల వదులై జారిపోయి ఉంటుంది. ఒక మూల ఊడిపోయి, ఆ సందులోంచే పావురాలు దర్జాగా వచ్చిపోతుంటాయి. కొన్నింటిలో చిక్కుకుని చచ్చి ఎండిపోయిన పక్షి వేలాడుతుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. వల మంచి పద్ధతి. సరిగ్గా కడితే పావురానికి ఈక కూడా ఊడదు, మీ బాల్కనీ ఏళ్ల తరబడి శుభ్రంగా ఉంటుంది. పని చెడుతున్నది కట్టే తీరు వల్ల, అంతకన్నా ఎక్కువగా కట్టే సమయం వల్ల.

మిగతా ఉపాయాలు ఎందుకు వద్దు

పాత సీడీలు వేలాడదీయడం, బొమ్మ గుడ్లగూబను పెట్టడం రెండు మూడు రోజుల ముచ్చట. అది కదలదని తెలిశాక పావురం దాని పక్కనే కూర్చుంటుంది. ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ యంత్రాలు కొనకండి, ఆ శబ్దం పావురం చెవికి ఆనదు. నాఫ్తలిన్ ఉండలు గాలి ఆడే చోట పని చేయవు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అవి మరీ ప్రమాదం. ముళ్ల పట్టీలు పైపుల మీద, సన్నటి అంచుల మీద పర్వాలేదు. వెడల్పాటి సజ్జ మీద పెడితే ఆ ముళ్ల మధ్యే పుల్లలు పేర్చి గూడు కట్టేస్తాయి. జిగురు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పూయొద్దు. పావురం సంగతి అటుంచితే పిచ్చుకలు, తేనెపిట్టలు రెక్కలు అంటుకుపోయి నరకం అనుభవించి చస్తాయి. నోరులేని జీవిని అలా హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

పట్టుకెళ్లి ఎక్కడో వదిలేస్తే సరి కదా అంటారు కొందరు. వందల కిలోమీటర్ల దూరం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చే పక్షి అది, పూర్వం ఉత్తరాలు పంపింది దానితోనే. చంపినా తగ్గవు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో 1961 నుంచి 1985 దాకా దాదాపు లక్ష పావురాలను చంపారు. ఊళ్లో పావురాల సంఖ్య మాత్రం 20 వేల దగ్గరే ఉండిపోయింది. 1988లో పద్ధతి మార్చి, గింజలు వేయొద్దని జనానికి నచ్చజెప్పడం మీద దృష్టి పెట్టారు. అప్పుడు నాలుగైదేళ్లలో సగానికి పడిపోయాయి. తిండి, చోటు ఉన్నంతకాలం పావురం ఉంటుంది. మక్కా మసీదు దగ్గర జొన్నలు చల్లేవాళ్లను మనం ఆపలేం గానీ, మన ఇంట్లో చోటు లేకుండా చేసుకోవడం మన చేతిలో పని.

పావురం పుట్టుకతో కొండ చరియల్లో బతికే పక్షి, కొమ్మల మీద గూడు కట్టదు. మన సజ్జ, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ వెనక సందు, బాత్రూముల డక్టు (పైపులు దిగే నిలువు సందు), అన్నీ దాని కంటికి కొండ చరియలే.

కావలసినవి

ఎండకు పాడవకుండా యూవీ ట్రీట్‌మెంట్ చేసిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వల, కన్ను, అంటే దారాల మధ్య ఖాళీ, 2 అంగుళాలకు మించకూడదు. రంగు నలుపు గానీ రాతి రంగు గానీ. అందం కోసం కంటికి కనపడని పారదర్శక వల అడగొద్దు. మనకు కనపడనిది వేగంగా వచ్చే పక్షికి అసలే కనపడదు, వచ్చి గుద్దుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ హుక్కులు, వాటికి ప్లాస్టిక్ ప్లగ్గులు, డ్రిల్లింగ్ మెషిన్, అంచుకు కట్టడానికి గట్టి నైలాన్ తాడు, కత్తెర, స్టూలు. శుభ్రం చేయడానికి ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు. ఇనుప హుక్కులు చవకే గానీ రెండు వానాకాలాలకు తుప్పు పట్టి గోడంతా మరకలు దిగుతాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది పక్షుల వల, చిన్నపిల్లల బరువు ఆపే వల కాదు. పిల్లల రక్షణకు కట్టేది వేరే ఉంటుంది. దీన్ని నమ్మి పసివాళ్లను బాల్కనీలో వదిలేయకండి.

అసలు కష్టం: లోపల ఎవరున్నారో చూడటం

వల కట్టేవాళ్లు వచ్చీ రాగానే డ్రిల్లింగ్ మొదలుపెడతారు. "లోపల ఏం లేదండీ, చూశాం" అంటారు. వాళ్ల మాట మీద ఉండొద్దు. ఏసీ యూనిట్ వెనకా కిందా, పాత కుండీల్లో, అటక మీది అట్టపెట్టెల్లో, వాషింగ్ మెషిన్ వెనక మీరే చూడండి. చెయ్యి పట్టని సందుల్లోకి ఫోన్ పెట్టి, లైటు వేసి వీడియో తీస్తే అంతా కనిపిస్తుంది.

ఒట్టి పుల్లలు ఉంటే నిశ్చింతగా తీసేయండి. గుడ్లున్నా పిల్లలున్నా ఆ రోజు పని ఆపేయాల్సిందే. పావురం మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. పొదగడానికి 17, 18 రోజులు పడుతుంది. పిల్లలు ఎగరడానికి నాలుగైదు వారాలు, చలికాలంలో అయితే ఇంకొంచెం ఎక్కువ. అంటే మొత్తం మీద ఏడు వారాల ఓపిక. పిల్లలు లోపల ఉండగా వల బిగిస్తే తల్లీ తండ్రీ బయట వల పట్టుకుని కొట్టుకుంటుంటాయి, పిల్లలు లోపల ఆకలితో చస్తాయి. ఆ తర్వాత వచ్చే కంపు, పురుగులు మీ ఇంటికే. జాలి లేనివాళ్లకైనా ఈ లెక్క అర్థం కావాలి.

గూడును ఎత్తి టెర్రస్ మీద పెడదామనుకోవద్దు. పావురం గుర్తుపట్టేది చోటును. జరిపిన గూడు దగ్గరికి అది రాదు, ఖాళీ అయిన చోటనే తచ్చాడుతూ ఉంటుంది. పక్షిని తోలేశాం కదా, గుడ్లు ఇక దిక్కులేనివే అనుకోవడమూ పొరపాటే. గుడ్లను ఆడా మగా రెండూ వంతులవారీగా పొదుగుతాయి. మధ్యాహ్నం పూట మీకు కనిపించేది సాధారణంగా మగది, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దెక్కేదాకా కూర్చునేది ఆడది. ఒకదాన్ని అదిలించినా రెండోది వస్తుంది.

ఓపిక పట్టినవాళ్లు కూడా దెబ్బతినే చోటు ఒకటుంది. పిల్లలు ఇంకా గూట్లో ఉండగానే ఆడ పావురం పక్క కుండీలోనో, యూనిట్ అవతలి పక్కనో మళ్లీ గుడ్లు పెట్టేస్తుంది. మన ఊళ్లలో వాటికి కాలమంటూ లేదు, ఏడాది పొడుగునా పెడుతూనే ఉంటాయి. మీరు పాత పిల్లలు ఎగిరిపోయాయని సంతోషించేలోపు కొత్త గుడ్లు తయారు, మళ్లీ ఏడు వారాలు. అందుకని ఎదురుచూసే రోజుల్లో చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. ఆ ఒక్క గూడు తప్ప బాల్కనీలో ఇంకెక్కడా చోటు మిగల్చొద్దు. ఖాళీ కుండీలు బోర్లించండి, అట్టపెట్టెలు బయట పడేయండి, యూనిట్ రెండో పక్క సందులో థర్మాకోల్ ముక్క బిగించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొత్త పుల్లలు కనిపిస్తే ఏరిపారేయండి. నాలుగు పుల్లలే కదా అని రెండు రోజులు ఊరుకుంటే వాటి మీద గుడ్డు ఉంటుంది.

పిల్లల వయసు ఈకలు చూసి పోల్చుకోవచ్చు. మొదటి వారం ఒళ్లంతా పసుపు నూగు, కళ్లు సరిగా తెరవవు. రెండో వారంలో ముళ్లలాగా ఈక మొలకలు వస్తాయి. మూడు వారాలు దాటితే ఈకలు నిండుతాయి, తల మీద మాత్రం పసుపు వెంట్రుకలు పీచుపీచుగా మిగులుతాయి. నాలుగో వారం తర్వాత చూడటానికి పెద్ద పావురమే, కానీ మెడ మీద ఆకుపచ్చ, ఊదా మెరుపు ఉండదు, సన్నగా కీచుమంటూ తిండి అడుగుతుంటుంది. రెయిలింగ్ మీదికి ఎగిరి కూర్చుంది కదా అని అప్పుడే వల కట్టకండి. బయటికి ఎగిరి వెళ్లి, మళ్లీ తిరిగి వస్తోందంటే సిద్ధమైనట్టు. రెండు పిల్లలూ అలా తిరుగుతున్నాయని చూశాక, అవి బయట ఉన్న పూట గూడు తీసేసి అదే రోజు వల పని పెట్టుకోండి. కట్టేవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. ఇక్కడ రెండు రోజుల ఆలస్యం కూడా పనికిరాదు.

తల్లిదండ్రులు రోజంతా రాక, పిల్లలు చల్లబడి కనిపిస్తే మీరు సొంత వైద్యం చేయొద్దు. మన పాలు, అన్నం మెతుకులు వాటి నోట్లో పెట్టకండి. పసి పిల్లలకు పెద్ద పావురాలు తమ గొంతు సంచిలో ఊరే ఒకరకం పాలలాంటి పదార్థాన్నే కక్కి పెడతాయి, ఇంకేదీ వాటికి పడదు. గుడ్డ వేసిన అట్టపెట్టెలో వెచ్చగా ఉంచి, జంతు సంరక్షణ సంస్థకు ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ ఉంది.

శుభ్రం చేయడం

ఎండిన రెట్టను పొడి చీపురుతో ఊడ్వకండి. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లను, పిల్లలను, పెద్దవాళ్లను ఆ పూట లోపలే ఉంచి తలుపులు వేయండి. మాస్కు పెట్టుకుని, రెట్ట మీద సబ్బునీళ్లు బాగా చల్లి, పావుగంట నాననిచ్చి, గీకి తీసి కవరులో మూతి కట్టి పడేయాలి. గూడు పుల్లలూ అంతే. వాటిలో ఉండే సన్నటి పురుగులు పక్షులు లేకపోతే ఇంట్లోకి పాకి మనుషుల్ని కుడతాయి.

వల కట్టడం

మధ్యాహ్నం పూట, పక్షులు మేతకు వెళ్లినప్పుడు కట్టాలి. చీకటి పడ్డాక వద్దు, మూలన నక్కిన పావురం లోపలే ఉండిపోతుంది. పైకప్పు, పక్క గోడలు, కింది అంచు, నాలుగు వైపులా అడుగుకొక హుక్కు. హుక్కుల్లోంచి నైలాన్ తాడు లాగి ముందు తాడునే బిగించండి. తర్వాత వలను పై అంచు నుంచి మొదలుపెట్టి, ప్రతి రెండు కన్నులకు ఒకసారి తాడుకు అల్లుకుంటూ రండి. మేకులకు వల తగిలించి వెళ్లిపోయే పద్ధతి, వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలతో ముడేసే పద్ధతి నేను ఒప్పుకోను. ఎండకు ఆ టైలు పెళుసెక్కి ఒక్కొక్కటే తెగిపోతాయి.

వల నులక మంచంలా బిగుతుగా ఉండాలి. అరచేత్తో నొక్కి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. మిగిలిన వలను మడిచి అంచున కట్టకండి, కత్తిరించేయండి. పక్షుల కాళ్లు చిక్కేది ఆ మడతల్లోనే. గోడకూ వలకూ మధ్య అంగుళం కన్నా ఎక్కువ సందు ఉండకూడదు. ఏసీ సర్వీసు కోసం ఒక పక్క విప్పి మళ్లీ తగిలించుకునే తలుపులాంటి భాగం ముందే పెట్టించుకోండి. లేకపోతే మెకానిక్ వచ్చిన రోజు కత్తెర పడుతుంది, పావురాలకు దారి దొరుకుతుంది. రెయిలింగ్ అవతలికి వంగి చేసే పని ఉంటే మీరు దిగకండి, బెల్టు కట్టుకునే పనివాళ్లను పిలవండి.

మొదటి వారం రెండు వారాలు పాత జంట వచ్చి వల చుట్టూ తిరుగుతుంది. పొద్దున, సాయంత్రం ఒక చూపు వేయండి. ఏదైనా చిక్కుకుంటే పక్షిని లాగొద్దు. తువ్వాలు కప్పి రెక్కలు దాని ఒంటికి ఒదిగేలా పట్టుకుని, కాలికి చుట్టుకున్న దారాన్నే కత్తిరించండి. తెగిన కన్నులను అదే రోజు తాడుతో అల్లేయండి. సంక్రాంతి అయ్యాక వలకు వేలాడే గాలిపటాల మాంజా అంతా తీసేయాలి.

డక్టు సంగతి ఒక్క ఫ్లాటు వల్ల కాదు. అసోసియేషన్ మీటింగులో పెట్టి పై నుంచి కింది దాకా ఒకేసారి వేయించండి. వేసే ముందు ప్రతి అంతస్తు బాత్రూము కిటికీలోంచి ఫోన్‌తో వీడియో తీయించి, గుడ్లున్న అంతస్తు ఒక్కటున్నా పని వాయిదా వేయమని పట్టుబట్టండి.