కాఫీ కోతకు ముందే ఆరబెట్టే చోటు లెక్క చూసుకోవాలి

ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే కాఫీ తోటలో కోత కాలపు నష్టాలు చాలావరకు చెట్టు దగ్గర మొదలు కావు. కోసి తెచ్చిన పండును పరచడానికి చోటు లేక, దాన్ని కుప్పగా పోసి రేపు చూద్దాంలే అనుకున్న రాత్రి మొదలవుతాయి. అందువల్ల కోతకు ముందు ఎంత పండు ఉందో కాక, ఎంత పండును సక్రమంగా ఆరబెట్టగలమో మొదట లెక్క కట్టాలి. పండుతోనే ఆరబెట్టే పద్ధతిలో రెండు సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకు సుమారు 12 కిలోలు పడతాయి. 60 చదరపు మీటర్ల బల్లలు ఉన్నాయనుకుంటే ఒక విడతకు 720 కిలోలు. అవి ఆరడానికి మూడు వారాలు పడితే రోజుకు సగటున కోయదగినది 35 కిలోలకు మించదు. ఆరిన కొద్దీ పొరలను కలిపి చోటు మిగుల్చుకోవచ్చు గనుక ఇది కాస్త బిగువైన లెక్కే, కానీ ముసురు పట్టే రోజులను తలచుకుంటే ఆ బిగువే మేలు. పండు అంతకు మించి వచ్చేలా ఉంటే, మిగిలిన దాన్ని తొక్క తీసి ఆరబెట్టాలా, పచ్చి పండుగానే అమ్మాలా అన్నది కోత మొదలు కాకముందే తేల్చుకోవాలి.

స్పెషాల్టీ కాఫీకి, అంటే నాణ్యతలో పై శ్రేణిగా లెక్కించే కాఫీకి, చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలమానం ప్రకారం రుచి పరీక్షలో 100కు కనీసం 80 మార్కులు రావాలి, 350 గ్రాముల పచ్చి గింజల నమూనాలో నల్లగింజ, పులిసి కంపుకొట్టే గింజ వంటి పెద్ద లోపాలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఈ లోపాలలో ఎక్కువ భాగం ఆలస్యం వల్లనో, శుభ్రత లేమి వల్లనో పుట్టేవే.

తోటలో చేయవలసిన పని తక్కువే అయినా వాయిదా వేయదగినది కాదు. మందు పిచికారీ చేసి ఉంటే, చివరి పిచికారీకీ కోతకూ మధ్య ఉండవలసిన గడువును డబ్బాపై చదివి రాసి పెట్టుకోవాలి. చెట్ల మొదళ్లలో కలుపు తీస్తే నేల కనిపిస్తుంది, పాములు కూడా కనిపిస్తాయి. నిచ్చెన మెట్లన్నీ ఒక్కొక్కటిగా తొక్కి చూడాలి. కోసేవారికి బాగా పండిన రంగు ఏదో నమూనా పండు చేతికిచ్చి చూపించాలి. ఎందుకంటే పచ్చికాయ కలిస్తే వేయించాక కూడా రంగు తేలని గింజలు మిగిలి కప్పులో వగరు తెస్తాయి. బరువును బట్టి కూలి ఇచ్చే చోట పచ్చికాయ కోశారని కూలివారిని తప్పుపట్టడం న్యాయం కాదు, ఏరి కోసినందుకు కూలి పెంచడమే దారి.

పండు తొక్క తీసే యంత్రమైన పల్పర్‌ను కోతకు ముందే పూర్తిగా విప్పి కడగాలి. సందుల్లో చిక్కిన పాత గింజ కుళ్లి కొత్త సరుకులో కలిస్తే, ఆ ఒక్క గింజ కప్పు కాఫీని పాడుచేయడానికి చాలు. మొదటి పండుతో పరీక్షించి, గింజలు చీలుతుంటే సందు పెంచాలి, తొక్క ఊడకపోతే తగ్గించాలి. యంత్రం పట్టేసినప్పుడు కరెంటు తీసి, చక్రం పూర్తిగా ఆగిన తరువాతే చేయి పెట్టాలి. వదులు చేతుల చొక్కాలు, వేలాడే కొంగులు, విరబోసిన జడలు దాని దగ్గరికి రాకూడదు. ఆడుకునే పిల్లలు అసలే రాకూడదు.

తొక్క తీసి ఆరబెట్టే పద్ధతిలో, కోసిన పండును అదే రోజు నీటిలో పోసి, తేలిన కాయలను వేరు చేసి, తొక్క తీయాలి. ఆ తరువాత గింజను పులియనిస్తే దానికి అంటిన జిగురు వదలడానికి వెచ్చని చోట 12 గంటలు చాలవచ్చు, చల్లని చోట 36 గంటలు పట్టవచ్చు. కాబట్టి గడియారాన్ని మాత్రమే నమ్మకుండా గింజలను చేత్తో నలిపి చూడాలి. జారుడు పోయి ఇసుకలా గరగరలాడితే వెంటనే కడగాలి. మూతపెట్టి పులియబెట్టే పీపాలకు గాలి బయటకు పోయే కవాటం ఉండి తీరాలి, లేకుంటే ఒత్తిడికి మూత ఎగిరి ముఖానికి తగలవచ్చు. లోతైన తొట్లలో పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువైనది గనుక అడుగున నిలిచిపోతుంది. దానికి వాసన ఉండదు, లోపలికి దిగినవారు కూలిపోతే కాపాడబోయినవారూ కూలిపోతారు. ఇంటివారందరికీ ముందుగానే చెప్పవలసిన మాట ఇదే: తొట్టిలోకి ఎవరూ దిగరాదు, కర్రతోనే కలపాలి, బయటి నుంచే కడగాలి.

ఆరబెట్టడంలో తొందరా ప్రమాదమే, జాప్యమూ ప్రమాదమే. కడిగిన గింజను మొదటి రోజుల్లో పలుచగా పరిచి గంటకోసారైనా కలపాలి. గింజ వేడి 40 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, ఎర్రని ఎండలో మధ్యాహ్నం నీడ కప్పాలి. లేదంటే పైపొర పగిలి, గింజ బయట ఎండి లోపల తేమగా మిగులుతుంది. సాయంత్రం మంచు పడకముందే టార్పాలిన్ కప్పాలి గాని, అది గింజకు ఆనకుండా, గాలి ఆడేలా ఎత్తున ఉండాలి. సగం ఆరిన గింజ మళ్లీ తడిస్తే బూజు పడుతుంది, కొన్ని బూజులు ఓక్రాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. అది కాఫీ వేయించినా పూర్తిగా పోదు. కొరికి చూసి తేమ చెప్పగల పెద్దలు ఉన్న ఇంట్లో కూడా తేమ మీటరు కొనుక్కోవడం మంచిది, దాని కొలత సరిగా ఉందో లేదో సీజనుకు ముందే పరీక్షించుకోవాలి. తేమ 10 నుంచి 12 శాతం మధ్యకు వచ్చి, రెండు మూడు రోజులు నిలకడగా ఉన్న తరువాతే సంచికెత్తాలి.

సంచులను నేలకూ గోడకూ ఆనించకుండా చెక్కలపై పెట్టాలి. కాఫీ గింజ వాసనను పట్టేస్తుంది. అదే గదిలో ఎరువులు, కిరోసిన్, పురుగుమందులు ఉంచితే అంత శ్రమా వృథా. ప్రతి రోజు కోతకూ తేదీ, తోట భాగం, పులిసిన గంటలు రాసిన చీటీ సంచిలోనే ఉండాలి. అనుమానం ఉన్న సరుకును మంచిదానితో కలపడమంటే రెండింటినీ పోగొట్టుకోవడమే.

కడిగిన నీటిలో చక్కెర, ఆమ్లం ఎక్కువగా ఉంటాయి గనుక దాన్ని వాగులోకి వదిలితే నీటిలో ఆక్సిజన్ తరిగి చేపలు చస్తాయి. ఊట బావికి దూరంగా గుంట తవ్వి అందులోకే మళ్లించాలి, తొక్కను ఎరువుగా కుళ్లబెట్టాలి. కోత ముగిసిందని మనుషులను పంపేసే ముందు చెట్టున మిగిలిన ఎండుకాయలను, నేల రాలిన పండ్లను ఏరించడానికి ఒక రోజు కూలిని ముందే పక్కన పెట్టుకోవాలి. కాయ తొలిచే పురుగు వచ్చే పంట దాకా తలదాచుకునేది వాటిలోనే.